కడప పసుపు, మిస్ఫా కాలువ

మా ఆయనకు పెరూ దేశమంటే పిచ్చి. కడప జిల్లా రాయచోటిలో పుట్టి, ఒమాన్‌లోని నిజ్వాలో మన పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పుకునే రహీం సారుకు సముద్రాల అవతలి దేశంతో ఏం పని అని మీరు అడగొచ్చు. పెళ్ళయిన నాటి నుంచీ నేనూ అదే అడుగుతున్నాను. ఏడో తరగతి పుస్తకంలో ఇన్కాల గురించి ఉన్నది ఒక్క పేరా. దాన్ని ఈయన వారం చెబుతాడు. పిల్లలు ఇళ్ళకు పోయి కంచంలో అన్నం ముద్దలతో మెట్ల పొలాలు కడుతున్నారని వాళ్ళ తల్లులు నాతో చెప్పుకుని నవ్వేవాళ్ళు.

మా హాల్లో ఇన్కాల కొండ ఊరి బొమ్మ ఉంటుంది. పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించి, అద్దం వేయించి మరీ తగిలించాడు. మా పెళ్ళి ఫొటో వంటింటి గోడకు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ బొమ్మ చూపించి, "మాచు పిచ్చు" అంటాడు. "పేరులోనే ఉందిగా పిచ్చి" అని నేను టీ ఇచ్చి వెళ్ళిపోతాను.

తొంభై మూడో సంవత్సరం చలికాలంలో ఒక బుధవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా, "హలీమా, పెరూ పోదాం రా!" అన్నాడు.

"టికెట్లు ఎవరిస్తారు, మీ ఇన్కాలా?"

"టికెట్ అక్కర్లేదు. పెరూ ఈడనే ఉండాది!"

లైబ్రరీలో ఏదో పుస్తకం దొరికిందట. మా కిటికీలోంచి రోజూ కనిపించే కొండల వెనక ఐదు వేల ఏళ్ళనాటి రాతి సమాధులున్నాయట. ఆ కొండల మీదే బండలకు అతుక్కుని ఊళ్ళున్నాయట. మెట్లు మెట్లుగా పొలాలు, కొండ ఊటను ఊరి దాకా నడిపించే రాతి కాలువలు, సున్నం లేని గోడలు. "అచ్చం ఇన్కాల మాదిరే హలీమా! ఆరేండ్లుగా ఈ కొండ కింద కూర్చొని నేను పెరూ పెరూ అంటాండా." పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

నేను మూతి ముడుచుకుని నిలబడ్డానే కానీ, నిజం చెప్పాలంటే నాకూ గుండెల్లో ఏదో ఎగిరింది. ఆరేళ్ళలో నేను చూసిన ఒమాన్ అంటే మా ఇల్లు, సూక్ అనే నిజ్వా బజారు, ఏడాదికి ఒకసారి మస్కట్ ఎయిర్‌పోర్టుకు పోయే బస్సు. ఆ కొండ ఎక్కాలని నాకు మాత్రం ఉండదా? అయినా వెంటనే సరే అంటే నేను హలీమాను ఎట్లా అవుతాను? ఒక షరతు పెట్టాను.

"రామసుబ్బమ్మక్కను కూడా తీసుకుపోతేనే వస్తా."

రామసుబ్బమ్మ మైదుకూరు దగ్గరి పల్లె మనిషి. నిజ్వాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట, ఇంటిపని చేసేది. సూక్‌లో పచ్చిమిరపకాయలు కొరికి చూసి, "ఇవి మిరపకాయలా, బెండకాయలా?" అని కడప యాసలో తిట్టుకుంటుంటే విని పరిగెత్తుకుంటూ పోయి పరిచయం చేసుకున్నాను. అప్పటినుంచి శుక్రవారాలు మా ఇంటికి వచ్చేది. వయసులో నాకంటే చాలా పెద్ద. ఆ ఆదివారం ఆమె ఇండియాకు పోతోంది. కాంట్రాక్టు అయిపోయింది. ఇక మళ్ళీ రాదు.

పోయే లోపల ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేది. తాను మొదట పనిచేసిన ఇంటి ముసలమ్మను ఒక్కసారి చూడాలని. ఒమానీలు నానమ్మను, అమ్మమ్మను హబూబా అంటారు. ఆ హబూబాకు మోకాళ్ళ నొప్పి. రోజూ మధ్యాహ్నం వేడి నూనెలో పసుపు కలిపి ఆ మోకాళ్ళకు రాయడం రామసుబ్బమ్మ పని. ఐదేళ్ళు రాసింది. భాష రాకపోయినా ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కాలం గడిపారు. రామసుబ్బమ్మ సెలవు మీద ఊరికి పోతుంటే హబూబా గుమ్మం దాకా వచ్చి, "ఈ కొట్టు పసుపు వద్దు. మీ ఊరి పసుపు తే" అని సైగలతో చెప్పిందట. మా కడప పసుపు ముందు ఇంకే పసుపూ నిలవదని ఆమెకు చెప్పి పెట్టింది ఈమే కదా.

ఈమె తెచ్చింది. సొంత చేనిలో పండిన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి, గుడ్డలో మూట కట్టుకుని మరీ తెచ్చింది. వచ్చేసరికి ఆ ఇంటికి తాళం. కూతురు, అల్లుడు ఉద్యోగం మారి మస్కట్ పోయారు. ముసలమ్మ మాత్రం మస్కట్ రానని మొండికేసి కొండమీది తన పుట్టింటి ఊరికి, మిస్ఫాకు, వెళ్ళిపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. రామసుబ్బమ్మను వేరే ఇంట్లో పనికి కుదిర్చారు. పసుపు మూట రెండేళ్ళుగా ఆమె ట్రంకు పెట్టెలోనే ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాని మాటే. "మాట ఇచ్చినా హలీమమ్మా. ఇయ్యకుండా పోతే ఆ మోకాళ్ళు నా కండ్ల ముందర తిరుగుతానే ఉంటాయి."

"మిస్ఫా మన దారిలోనే ఉండాది!" అని రహీం ఎగిరి గంతేశాడు. అట్లా శుక్రవారం ప్రయాణం ఖాయమైంది.

బండి ఖమరుద్దీన్‌ది. అంటే ఆయన కంపెనీది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రైవరు. "పొద్దుగూకే మగ్రిబ్ నమాజ్‌లోపట బండి సైట్ల ఉండాలె భాబీ. లేకుంటే మా మేనేజర్, ఆ ముదీర్, నా తోలు తీస్తడు" అని ఎక్కకముందే హెచ్చరించాడు. రామసుబ్బమ్మ కొత్త చీర కట్టుకుని, మొహానికి పసుపు రాసుకుని, ఒళ్ళో మూట పెట్టుకుని పెళ్ళికూతురిలాగా కూర్చుంది. నేను చిత్రాన్నం, ఉడికించిన గుడ్లు కట్టాను. మా ఆయన మెడలో కెమెరా, చేతిలో పుస్తకం. ఊరు దాటగానే ఖమరుద్దీన్ పాట అందుకున్నాడు. గొంతు బాగలేదు కానీ ఎవరికీ అడ్డుకోవాలనిపించలేదు.

నేరుగా మిస్ఫాకు పోయుంటే ఈ కథ ఉండేది కాదు. మా ఆయన ముందు సమాధుల దగ్గరికి తీసుకుపోయాడు.

తారు రోడ్డు అయిపోయి రాళ్ళదారి వచ్చింది. "నేను నడుపుతలేను భాబీ, బండే దుంకుతున్నది" అంటున్నాడు ఖమరుద్దీన్. తల పైకప్పుకు తగిలినప్పుడల్లా రామసుబ్బమ్మ "గోవిందా" అంటుంది, నేను "యా అల్లా" అంటాను. ఒక మలుపు తిరిగాం. ఎదురుగా నిట్టనిలువుగా ఒక కొండ, పైన పళ్ళు పళ్ళుగా. దాని పేరు మిష్త్, అంటే దువ్వెన. దాని ముందు చిన్న గుట్ట అంచు మీద వరసగా రాతి గుమ్ములు. మన ఊళ్ళో వడ్లు పోసుకునే గుమ్ముల్లాగే గుండ్రంగా, పైకి సన్నబడుతూ ఉన్నాయి. మనిషి వంగి దూరేంత సందు ఒక్కో దానికి. అంతే, సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి.

మా ఆయన బండి ఆగకముందే దూకాడు. ఒక సమాధి చుట్టూ తిరిగి, గోడకు చెంప ఆనించి, "హలీమా, ఐదు వేల ఏండ్లు! ఇన్కాలు పుట్టక ముందు! ఇన్కాల తాతలు పుట్టక ముందు!" అని అరుస్తుంటే గుట్ట కింద మేకలు తలెత్తి చూశాయి. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి కూడా. ఇంత సంతోషపడే మనిషిని చూసి ఎన్నాళ్ళయింది! నేనూ ఆ సందులోంచి లోపలికి దూరాను. చల్లగా ఉంది. పైన రాళ్ళ మధ్య ఆకాశం ముక్క కనిపిస్తోంది. "అక్కా, రా, చూద్దువు" అని రామసుబ్బమ్మ చెయ్యి పట్టి లాగాను. ఆమె వచ్చింది, లోపల నిలబడి చుట్టూ చూసింది.

"ఇదేం గది హలీమమ్మా? ఎవురుండేటోళ్ళు?"

"ఎవరూ లేరక్కా. ఇవి సమాధులు."

ఆమె ఒక్క ఉదుటున బయటికొచ్చింది. "సమాధా! ముందే చెప్పొద్దా తల్లీ? సమాధి లోపలికి పోయి, తల మీద నీళ్ళు పోసుకోకుండా పెద్దామె ఇంటికి ఎట్ల పోవాల? శుభమా అని పసుపు ఇయ్యబోతా మైల తీసుకపోతానా?"

"ఐదు వేల ఏండ్ల కింద పోయినోళ్ళకు ఇంకా మైల ఏంది సుబ్బమ్మా?" అని మా ఆయన నవ్వాడు.

"సమాధి సమాధే సార్. పాతదైతే ఇల్లయితాదా?"

ఆయన ఫొటోలు తీసుకోవడంలో మునిగిపోయాడు. ఆమె నన్ను నీళ్ళు అడిగింది. క్యాన్‌లో ఉన్నవి తాగడానికే చాలవు. "మిస్ఫాలో కాలువే ఉందటక్కా, అక్కడ కడుక్కుందువులే" అన్నాను. ఆమె తలూపింది కానీ మొహంలో కళ పోయింది. దారి పొడుగునా మూటను ఒళ్ళో పెట్టుకోకుండా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

రీలు మొత్తం సమాధుల దగ్గరే తగలేశాడని, ఒక్క ఫొటోకు మాత్రమే ఫిల్ము మిగిలిందని దారిలో తెలిసి నేను పెట్టిన గొడవ ఇక్కడ రాయను.

మిస్ఫాను మొదట దూరం నుంచి చూశాం. ఖమరుద్దీన్ కూడా పాట ఆపేశాడు. కొండ బండల నెత్తిన రాతి ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టున్నాయి. వాటి కింద లోయ అడుగు దాకా మెట్లు మెట్లుగా తోటలు. ప్రతి మెట్టు మీదా ఖర్జూరం చెట్లు, వాటి నీడలో అరటి, దానిమ్మ, నిమ్మ. చుట్టూ ఎటు చూసినా ఎర్రగా మాడిన కొండ, మధ్యలో ఇంత పచ్చదనం. మా ఆయన చేతిలోని పుస్తకం మూసేశాడు. తర్వాత మెల్లగా, "పెరూ పోకపోయినా ఫరవాలేదు హలీమా" అన్నాడు.

బండి ఊరి బయటే ఆగాలి, లోపల అన్నీ మెట్లే. మొదటి మలుపులోనే నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. సలాం చెప్పగానే మా ఆయన్ను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకున్నారు. మమ్మల్నిద్దరినీ లోపలికి, ఆడవాళ్ళ వైపు పొమ్మని చూపించారు. నేను రామసుబ్బమ్మను అడిగాను.

"అక్కా, ముసలమ్మ పేరు చెప్పు, అడుగుదాం."

"హబూబా."

"అది వరస. పేరు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పెద్దోళ్ళను పేరు పెట్టి పిలుస్తారా యాడన్నా?"

"పిలవద్దు. పేరేందో తెలియదా?"

"నాకేం పనమ్మా ఆమె పేరుతో?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఐదేళ్ళు మోకాళ్ళు రుద్దిన మనిషి పేరు తెలియదు! పోనీ కూతురి పేరు? "మామా." అల్లుడు? "బాబా." పనివాళ్ళంతా యజమానులను పిలిచే పిలుపులే అవి. వాళ్ళ పిల్లలు? "మహమ్మదు, ఫాతిమా" అంది గర్వంగా. ఆ ఊళ్ళో మహమ్మదు, ఫాతిమా లేని గడప చూపించండి, నా గాజులు తీసి ఇస్తాను. ఇంటిపేరు అడుగుదామంటే ఊరంతటికీ ఒకటే ఇంటిపేరు. తిడదామని నోరు తెరిచి ఆగిపోయాను. మా మేనత్త పేరు నాకు తెలుసా? ఫుప్పమ్మా అని పిలవడమే తప్ప ఏనాడూ అడగలేదు. ముందుకు నడిచాను.

మొదటి ఇంటి తలుపు కొట్టి, నాకొచ్చిన సూక్ అరబ్బీలో, "హబూబా ఉందా?" అన్నాను. ఉంది. ఆమె మన హబూబా కాదు. అయినా గడపలో నిలబడ్డ మనిషిని ఊరికే పంపిస్తారా? "తఫద్దలీ, తఫద్దలీ" అంటూ లోపలికి రమ్మని కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెల్లో యాలకుల కాఫీ పోశారు. రెండో ఇంట్లోనూ హబూబా ఉంది. అక్కడా కాఫీ. మోకాళ్ళ నొప్పి ఉన్న హబూబా అంటే మూడో ఇంటి ముసలమ్మ వెంటనే పరికిణీ ఎత్తి మోకాలు చూపించింది, మందు తెచ్చామనుకుని. కూతురు మస్కట్ పోయిన హబూబా అన్నాను. ఆ మాటకు ఆ ఇంట్లో ఆడవాళ్ళంతా ఒక్కసారి నిట్టూర్చారు. మస్కట్‌కు పోని పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారు గనక? నిజ్వాలో ఉండి వచ్చిన హబూబాలూ ఇంటికొకరు.

నాకైతే పండగలా ఉంది. ఒక్కో ఇల్లూ ఒక్కో వింత. ఒకచోట కొండ బండే గోడ, ఒకచోట మా నెత్తి మీద వేరే వాళ్ళ వాకిలి, ఒకచోట కిటికీలోంచి చెయ్యి చాస్తే ఖర్జూరం చెట్టు తల. ఒక అమ్మాయి నా చేతికి గోరింటాకు పెట్టబోయింది. ఒక హబూబా రామసుబ్బమ్మ ముక్కుపుడక చూసి, అచ్చం అలాంటిదే తన పెట్టెలోంచి తీసి చూపించింది. కట్టిన చిత్రాన్నం బండిలోనే ఉండిపోయింది, కడుపులో ఖర్జూరాలు, కాఫీ తప్ప ఇంకేం లేవు. ప్రతి తలుపు తెరుచుకున్నప్పుడూ రామసుబ్బమ్మ మెడ సాచి చూసేది. ప్రతిసారీ మెడ వాలిపోయేది.

ఊరి బయట నుంచి హారన్ మోగింది. ఎండ ఎదుటి కొండ మీదికి ఎక్కుతోంది. ఖమరుద్దీన్‌కు ముదీర్ భయం మొదలైందని నాకు తెలుసు. మళ్ళీ మోగింది.

రామసుబ్బమ్మ మెట్ల మీద కూలబడింది. "నాదే తప్పు హలీమమ్మా. మైలతో గడప గడప తొక్కితి. ఆమె ఎట్ల కనపడుతాది? ముందు కాళ్ళు కడుక్కోనుంటే ఈపాటికి కనపడుండు."

ఇంకొకసారైతే ఇదేం లెక్క అని వాదించేదాన్నే. ఆదివారం విమానం. ఇక ఈ దారి లేదు. నాకూ ఏడుపొచ్చింది. "పద, కడుక్కుందువు" అని లేపాను.

కాలువ చప్పుడు పట్టుకుని పైకి పోయాం. మూరెడు వెడల్పు రాతి కాలువలో నీళ్ళు అద్దంలా పోతున్నాయి. దీన్ని ఫలజ్ అంటారు. కొండ ఊటలో పుట్టి, ఊరి నెత్తిన అడుగుపెట్టి, మెట్టు మెట్టుకూ పంచుకుంటూ లోయలోకి దిగుతుంది. నేను కింద ఒక చోట ఆగబోతే రామసుబ్బమ్మ ఒప్పుకోలేదు. మైల పోవాలంటే ఎవరూ ముట్టని నీళ్ళు కావాలట. పైపైకి పోయింది. ఊళ్ళోకి కాలువ వచ్చే మొదటి చోటే ఆగి, "ఈడ శుద్ధంగా ఉండాయి" అంది.

నేను అప్పుడైనా ఆలోచించాల్సింది. ఊరు మొత్తం తాగే నీళ్ళు ముంచుకునేది అక్కడే. దాని కింద వజూ చోటు, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేది, దాని కింద స్నానాలు, ఆ తర్వాతే తోటలు. పైన బిందె తప్ప కాలు పెట్టకూడదు. మనకెవరు చెప్పారు? రామసుబ్బమ్మ ఒక కాలు లోపల పెట్టి, కొంగు నడుముకు దోపి, మూట విప్పింది. పసుపు నీళ్ళు చల్లుకుంటే మైల తీరిపోతుంది కదా. రెండేళ్ళ తర్వాత కూడా ఆ పసుపు వాసన గుప్పుమని తగిలింది. మా అమ్మ వాకిలి, పక్కింటి పెద్దమ్మ గడప అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చిటికెడు తీసుకుని నీళ్ళలో వేయబోతోంది.

"యా హుర్మా!"

ఏయ్ ఆడమనిషీ అని, కొండ పగిలినట్టు ఒక కేక. గడ్డం నెరిసిన మనిషి చేతికర్ర పైకెత్తి మా మీదికి వస్తున్నాడు. తర్వాత తెలిసింది, ఆయన ఆ కాలువకు కాపలాదారు, ఎవరి తోటకు ఎప్పుడు నీళ్ళు పోవాలో తేల్చేది ఆయనే. రామసుబ్బమ్మ ఉలిక్కిపడింది. మూట చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. మొత్తం పడింది.

కాలువ పసుపుపచ్చగా మారిపోయింది. ఆ పసుపు రంగు ఊరికే ఉండదు కదా, కదిలింది. ఆ పెద్దాయన అరుస్తున్నాడు, తాగే నీళ్ళు, తాగే నీళ్ళని. నాకూ కోపమొచ్చి, "మా అక్కను అట్లా బెదిరిస్తారా?" అని తెలుగులోనే అరిచాను. రామసుబ్బమ్మ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. "నా పసుపు, నా పసుపు" అంటూ కాలువ వెంబడి కిందికి పరుగందుకుంది.

ఆ పరుగు నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు పసుపు నీళ్ళు, దాని పక్కన వంగి దోసిలితో ముంచుకుంటూ, వేళ్ళ సందుల్లోంచి జారిపోతే మళ్ళీ పరిగెత్తుతూ రామసుబ్బమ్మ. ఆమె వెనక చెప్పులు చేతిలో పట్టుకుని నేను. నా వెనక కర్రతో పెద్దాయన. కేకలు విని కూర్చున్న చోటు నుంచి లేచొచ్చిన మా ఆయన, మెడలో ఎగురుతున్న కెమెరాతో, "ఏమైంది హలీమా, ఏమైంది?" అంటూ వచ్చి కలిశాడు. కాఫీ పోసిన ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తున్నారు. మెట్లు, మలుపు, మళ్ళీ మెట్లు. ఒక ఇంటి కింది నుంచి దూరి ఇంకో వైపు తేలాం. మసీదు దగ్గర వజూ చేసుకుంటున్న ఒకాయన పచ్చబడ్డ తన చేతులు చూసుకుంటూ అలాగే ఉండిపోయాడు. ఊరపిచ్చుకలు లేచిపోయాయి. ఖర్జూరాల నీడలోకి దిగాక కాలువ ఒక రాతి గోడ కిందికి దూరి మాయమైంది. అది ఆడవాళ్ళ స్నానాల చోటు. పైకప్పు లేదు, చుట్టూ గోడ. మగవాళ్ళు అక్కడే ఆగిపోవాలి.

రామసుబ్బమ్మ కూడా ఆగిపోయింది. ఒగరుస్తూ గోడకు ఆనుకుని, ఖాళీ గుడ్డను చూసుకుంది. రెండేళ్ళు దాచింది ఒక్క నిమిషంలో పోయింది. "ఇంక ఏం మొగం పెట్టుకోని కనపడేది" అని వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నేను ఆమెను పట్టుకున్నాను.

అప్పుడు గోడ అవతల నుంచి వినిపించింది, బొంగురు గొంతుతో ఒక కేక.

"సుబ్బా!"

రామసుబ్బమ్మ ఏడుపు ఆగిపోయింది.

"సుబ్బా! వేన్ సుబ్బా?" ఎక్కడుంది సుబ్బ, అని.

మేం లోపలికి పరిగెత్తాం. కాలువ గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బట్టలు పైకి లాక్కుని, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకుంది. ఆ నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆమె కాళ్ళూ పచ్చగా ఉన్నాయి. అరచేతిలో కాసిని నీళ్ళు పట్టుకుని వాసన చూస్తోంది. నొప్పి తగ్గడానికి రోజూ మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా అక్కడే కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుందట. మేం ఊరంతా తలుపులు కొట్టినంతసేపూ ఆమె ఇక్కడే ఉంది.

తల ఎత్తి రామసుబ్బమ్మను చూసింది. ఏడ్వలేదు, నవ్వలేదు. కళ్ళు చిన్నవి చేసి, గట్టిగా కసిరింది. ఆమె అరబ్బీ నాకు అర్థమైనంతవరకు ఇది:

"మోకాళ్ళకు రాయమని తెమ్మంటే, ఊరంతటికీ రాస్తావా?"

రామసుబ్బమ్మకు ఆ మాటలు అర్థమయ్యాయో లేదో. చీర తడుస్తున్నా చూసుకోకుండా కాలువలో దిగి కూర్చుని, ఆ మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఇంకా పచ్చగా పారుతున్న నీళ్ళతోనే రుద్దింది. రుద్దుతూ తెలుగులో తిడుతోంది. "చెప్పకుండా పోతావా ముసలిదానా? తాళమేసి పోతావా? రెండేండ్లు నేను ఏం కావాల?" ముసలమ్మ అరబ్బీలో తిడుతోంది. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇద్దరి కళ్ళనుంచీ నీళ్ళు. నా పరిస్థితీ అంతే, కొంగు పూర్తిగా తడిసిపోయింది.

గోడ బయట పెద్దాయన ఇంకా సణుగుతున్నాడు. మా ఆయన తన వంతు క్షమాపణలు అరబ్బీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో చెప్పుకుంటున్నాడు. ముసలమ్మ లోపలి నుంచే ఒక్క అరుపు అరిచింది. "కుర్కుమే కదా, విషం కాదు. ఇవ్వాళ ఊరంతా పసుపు నీళ్ళు తాగండి, గొంతుకు మంచిది!" బయట కర్ర చప్పుడు దూరమైంది. ఆ ఊళ్ళో ఆమె మాటంటే మాటేనని అప్పుడు తెలిసింది.

హారన్ ఆగకుండా మోగుతోంది. లేవక తప్పదు. హబూబా రామసుబ్బమ్మ గడ్డం పట్టుకుని ఏదో అడిగింది. ఆమె అన్నది నేను చెప్పాను. "దువా చేసేటప్పుడు, అంటే నీ కోసం మొక్కుకునేటప్పుడు, చెప్పుకోవాలట. నీ పూర్తి పేరేమిటని అడుగుతోందక్కా."

"రామసుబ్బమ్మ" అని చెప్పింది ఈమె. ముసలమ్మ రెండు మూడు సార్లు పలికి చూసుకుంది.

"ఇప్పుడన్నా నువ్వు ఆమె పేరు అడుగు" అని నేను పోరు పెట్టాను. ఈమె తల అడ్డంగా ఊపింది. సరే, నేనే అడిగేశాను. ముసలమ్మ నవ్వి, చెప్పడానికి నోరు తెరిచింది. రామసుబ్బమ్మ పచ్చటి చేయి చాచి గబుక్కున ఆమె నోరు మూసింది.

"వద్దు హలీమమ్మా. పేరు తెలిస్తే ఎవరో పరాయామె అయిపోతాది."

నేను అర్థం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ముసలమ్మ ఆ చేతిని తన నోటి మీద నుంచి తీయనివ్వకుండా పట్టుకుని, అలాగే ముద్దు పెట్టుకుంది.

బయటికి పోయి మా ఆయన దగ్గర కెమెరా లాక్కున్నాను. "ఒక్కటే మిగిలింది, ఊరంతా పడేట్టు పైనుంచి తీద్దామనుకున్నా" అని గొణిగాడు. వినిపించుకోలేదు. మొహం తీయొద్దని హబూబా చెయ్యి అడ్డం పెట్టింది. అందుకని కాళ్ళు తీశాను. నీళ్ళలో పచ్చటి రెండు మోకాళ్ళు, వాటిని పట్టుకున్న రెండు చేతులు.

ఖమరుద్దీన్ మగ్రిబ్‌కు ముందే సైట్ చేరాడు, ఎట్లా నడిపాడో నేను కళ్ళు మూసుకున్నాను కనక చెప్పలేను. ఆదివారం రామసుబ్బమ్మ వెళ్ళిపోయింది. ఆ ఫొటోను అద్దం వేయించి హాల్లో తగిలించాను. పెరూ బొమ్మను మా ఆయనే స్వయంగా తీసి వంటింటి వైపు పెట్టాడు. వచ్చినవాళ్ళు ఆ కాళ్ళు ఎవరివని అడుగుతారు.

"హబూబావి" అంటాను.